పొద్దుపోయాక ఎంపైర్ స్టేట్: 86వ అంతస్తు చాలు, 102 అక్కర్లేదు

న్యూయార్క్‌లో ఎత్తు మీంచి ఊరు చూడ్డానికి పేరున్న చోట్లు ఇప్పుడు అయిదున్నాయి. ఎంపైర్ స్టేట్, రాక్‌ఫెలర్ సెంటర్ మీదున్న టాప్ ఆఫ్ ద రాక్, హడ్సన్ యార్డ్స్‌లో ఎడ్జ్, గ్రాండ్ సెంట్రల్ స్టేషన్ పక్కన సమ్మిట్, డౌన్‌టౌన్‌లో వన్ వరల్డ్. పగలు వెళ్లేవాళ్లకు ఏది మేలంటే చెప్పడం కష్టమే, దేని గొప్ప దానిది. రాత్రి పది దాటాక వెళ్దామనుకుంటే మాత్రం నా ఓటు మొహమాటం లేకుండా ఎంపైర్ స్టేట్ 86వ అంతస్తుకే. ఎత్తును చూసో, పేరును చూసో అంటున్న మాట కాదిది. అక్కడ మన కంటికీ ఊరికీ మధ్య అద్దం అడ్డు లేదు.

రాత్రిపూట అద్దం ఎంత పని చేస్తుందో అక్కడికెళ్లేదాకా చాలామందికి తట్టదు. లోపల లైట్లు, బయట చీకటి. ఇంకేముంది, ఊరి మీద మన మొహమే కనిపిస్తుంది. దాని పక్కనే ఎర్రగా ఎగ్జిట్ బోర్డు, వెనకవాళ్ల ఫోన్ల వెలుగు. వన్ వరల్డ్ పూర్తిగా మూసిన గాజు అంతస్తులు కాబట్టి పగలే బాగు. సమ్మిట్ అందమంతా నిలువుటద్దాల్లో ఎండ ఆడుకున్నప్పుడే. ఎడ్జ్ ఆరుబయటే కానీ చుట్టూ బయటికి వాలిన గాజు గోడ. ఎంపైర్ స్టేట్‌కి గట్టి పోటీ టాప్ ఆఫ్ ద రాక్ ఒక్కటే. దాని 70వ అంతస్తులో అడ్డు అద్దాలు లేవు, పైగా దీపాలతో నిలబడ్డ ఎంపైర్ స్టేట్ ఎదురుగా కనిపిస్తుంది. కానీ దాని అసలు ఆకర్షణ ఉత్తరాన సెంట్రల్ పార్క్. చీకటి పడితే అదో నల్లటి దీర్ఘచతురస్రం, అంతే.

మేం వెళ్లింది సెప్టెంబర్ చివర్లో, పదిన్నర స్లాట్‌కి. తోడు మా పెద్దనాన్న. విద్యుత్ శాఖలో చేసి రిటైరైన మనిషి, చూసిన ప్రతిదానికీ లోడెంతో లెక్కేస్తారు. టికెట్ ఆన్‌లైన్‌లో ముందే కొనుక్కోవాలి. 86కి మనిషికి నలభై డాలర్ల పైనే. 102 కూడా కావాలంటే మరో ముప్పై పైచిలుకు. సూర్యాస్తమయం వేళకి రేటు పెరుగుతుంది, రద్దీ కూడా అప్పుడే. ఆ అదనపు సొమ్ము దండగ అని నా అభిప్రాయం. పొద్దు కుంకడం చూడ్డానికి కంచె దగ్గర చోటు దొరికితే కదా! కోవిడ్‌కి ముందు రాత్రి రెండింటిదాకా తీసి ఉంచేవాళ్లు. ఇప్పుడు మూసే వేళ కాలాన్ని బట్టి మారుతోంది కాబట్టి వాళ్ల సైట్‌లో ఆ రోజుకి ఏముందో చూసుకోండి. చివరి లిఫ్టు మూసే టైముకి చాలా ముందే ఆగిపోతుంది, అదీ గుర్తుంచుకోవాలి.

కొనేముందు ఇంకో పని. వీధిలో నిలబడి తలెత్తి చూడండి. భవనం నెత్తిన ఉన్న కొమ్ము మబ్బులో మునిగి ఉంటే ఆ రోజుకి మానుకోవడమే మంచిది, పైకెళ్లినా తెల్లటి గోడ తప్ప ఏమీ కనబడదు. ఆ మబ్బు సంగతి తేలిగ్గా తీసేసేది కాదు. 1945 జులై 28న ఇలాంటి పొగమంచులోనే దారి తప్పిన బి-25 బాంబర్ విమానం 79వ అంతస్తు దగ్గర ఈ భవనాన్ని గుద్దింది. పద్నాలుగు మంది పోయారు. బెటీ లూ ఆలివర్ అనే లిఫ్టు ఆపరేటర్ తీగలు తెగిన లిఫ్టుతో సహా 75 అంతస్తులు కిందకి పడిపోయి కూడా బతికింది. ఈ కథ నేను లిఫ్టు ఎక్కకముందే చెప్పేశాను. పెద్దనాన్న నాకేసి ఓ చూపు చూసి, "దిగాక చెప్పకూడదట్రా?" అన్నారు.

లోపలికి దారి ఫిఫ్త్ అవెన్యూ వైపు నుంచి కాదు, 34వ వీధి వైపు నుంచి. ఎయిర్‌పోర్టులో లాగే తనిఖీ ఉంటుంది. ట్రైపాడ్ తీసుకెళ్లనివ్వరు. మధ్యలో నిలబెట్టి ఓ ఫొటో తీస్తారు, దిగేటప్పుడు దాన్ని అమ్మజూపుతారు. వద్దంటే ఎవరూ ఏమీ అనుకోరు. రెండో అంతస్తులో 2019 నాటికి పునరుద్ధరించిన మ్యూజియం ఉంది. కట్టిన తీరు, కింగ్ కాంగ్ చెయ్యి, అన్నీ ఉన్నాయి. పిల్లలకి బాగుంటుంది. మాకు పైకెళ్లాలన్న తొందర, చకచకా నడిచేశాం. ఆ వేళలో వరుస అనేదే లేదు. మొదటి లిఫ్టు నిమిషం లోపే 80వ అంతస్తుకి చేర్చింది, చెవులు ఠప్పుమన్నాయి. అక్కడ లిఫ్టు మారాలి, లేదా ఆరంతస్తులు మెట్లెక్కాలి. సిబ్బంది మర్యాదగా ఉన్నారు కానీ డ్యూటీ దిగే వేళ దగ్గరపడ్డ తొందర వాళ్ల గొంతులో తెలుస్తూనే ఉంది.

86వ అంతస్తు నేలకి 1,050 అడుగుల ఎత్తున ఉంది. తలుపు తోయగానే గాలి కొట్టింది. కింద వీధిలో చొక్కాతో తిరిగిన మనిషికి కూడా ఇక్కడ జాకెట్ ఉండాల్సిందే. పిట్టగోడ, దాని మీద 1947లో పెట్టిన ఇనుప కంచె, పైకెళ్లేకొద్దీ లోపలికి వంగి ఉంటుంది. సందుల్లోంచి ఫోన్ బయటికి పెట్టుకోవచ్చు, చెయ్యి జారకుండా చూసుకుంటే చాలు. పొడి గాలి ఉన్న రోజుల్లో అక్కడ లోహాన్ని ముట్టుకుంటే చురుక్కుమంటుందని విన్నాను. నిజంగానే నా వేలు తగలగానే చిటుక్కుమంది. పెద్దనాన్న నవ్వి, "ఎర్తింగ్ సరిగ్గానే ఉందిలే" అన్నారు.

దక్షిణం వైపే ఎక్కువసేపు నిలబడ్డాం. ఫిఫ్త్ అవెన్యూ నిటారుగా దిగిపోతుంటే, బ్రాడ్వే అడ్డంగా కోసుకుంటూ వచ్చి 23వ వీధి దగ్గర దాన్ని కలుస్తుంది. ఆ రెండూ కలిసే మొనలో ఇరుక్కున్నదే 1902 నాటి ఫ్లాటైరన్. పగలు చూస్తే కట్టడాలే చూస్తాం. రాత్రి పొద్దుపోయేకొద్దీ ఆఫీసుల కిటికీలు ఆరిపోతాయి, వీధులే బొమ్మవుతాయి. ఎదురొచ్చే కార్ల తెల్లటి వరుస, వెళ్లేవాటి ఎర్రటి వరుస, సిగ్నల్ మారినప్పుడల్లా ఆ వరుసలు తెగి మళ్లీ అతుక్కోవడం. ఇవి చూస్తూ ఎంతసేపు గడిచిందో తెలీలేదు. న్యూయార్క్ లైఫ్ భవనం బంగారు పైకప్పు దగ్గర్లోనే మెరుస్తోంది. దూరాన వన్ వరల్డ్, ఇంకా అవతల నీళ్లలో లిబర్టీ విగ్రహం ఓ చిన్న వెలుగు చుక్క. ఈశాన్యంలో క్రిస్లర్ శిఖరం, త్రికోణాల కిటికీల్లో దీపాలతో. టైమ్స్ స్క్వేర్ బోర్డులు కనిపించవు, వాటి వెలుగు మాత్రం భవనాల సందుల్లోంచి పొంగుతుంటుంది. అంబులెన్సు సైరన్ అంత ఎత్తుకీ స్పష్టంగా వినిపించింది. అద్దం లేకపోవడం వల్ల ఇంకో లాభం అది.

అసలు నేను ఎదురుచూడనిది తలపైన జరిగింది. కొమ్ముకి వేసే ఫ్లడ్‌లైట్ల వెలుతురులో తెల్లటి చుక్కలు దక్షిణానికి సాగిపోతున్నాయి. ముందు కాగితం ముక్కలనుకున్నా. చూడగా పిట్టలు! చలికాలానికి దిగువకి వలసపోయే చిన్న పక్షులు రాత్రిళ్లే ప్రయాణిస్తాయి. శరదృతువులో పక్షి ప్రేమికులు వాటి కోసమే బైనాక్యులర్లతో ఇక్కడికి వస్తుంటారు. మంచు పట్టిన రాత్రుల్లో అవి వెలుగు చుట్టూ తిరిగి దారి తప్పకుండా ఆ దీపాలు ఆర్పేస్తారు కూడా. దీపాలనగానే పెద్దనాన్నకి హుషారొచ్చింది. 1976లో మొదటిసారి రంగులు వేసినప్పటి నుంచి చాలా ఏళ్లు మనుషులు వెళ్లి దీపాలకి రంగు పలకలు చేత్తో మార్చేవారని, 2012లో ఎల్‌ఈడీలు వచ్చాక కంప్యూటర్ మీద నొక్కితే చాలని చెప్పాను. "అయితే ఓ ఇరవై పోస్టులు ఎత్తేసుంటారు" అన్నారు. ఆయన బాధ ఆయనది.

102కి కూడా వెళ్లొచ్చాం. 1,250 అడుగులు, నేల నుంచి కప్పు దాకా గాజు. ఇరుకైన గుండ్రటి గది, ఫొటోలన్నిటిలోనూ మా ఇద్దరి నీడలే. ఈ కొమ్మును మొదట గాల్లో తేలే ఎయిర్‌షిప్పులు కట్టుకోవడానికి అనుకున్నారట. ఆ గాలికి అదెక్కడ కుదురుతుంది, ఆ ఆలోచన అక్కడితోనే ఆగింది. భవనం 1931 మే 1న తెరిచారు. మాంద్యం రోజుల్లో అద్దెకొచ్చేవాళ్లు లేక జనం దీన్ని ఎంప్టీ (ఖాళీ) స్టేట్ అని ఎగతాళి చేశారు, చూడ్డానికొచ్చేవాళ్ల టికెట్ డబ్బులే అప్పట్లో ఆదుకున్నాయి. ఆ ఆదాయపు రుచి వాళ్లు ఇంకా మరిచిపోలేదని 102 రేటు చూస్తే తెలుస్తుంది. పగలు మబ్బుల్లేని రోజైతే వెళ్లొచ్చు. రాత్రికి అనవసరం.

దిగాక ఆకలేస్తే రెండు వీధుల కిందే, 32వ వీధిలో కొరియా హోటళ్ల వరుస. అర్ధరాత్రి దాటినా కొన్ని తెరిచే ఉంటాయి. శాకాహారులు మాత్రం సూప్ దేంతో కాచారో అడిగి మరీ చెప్పించుకోండి, టోఫు అని రాసి ఉన్నా చేపల రసం ఉండొచ్చు. మేం గుడ్డు, మాంసం లేకుండా బిబింబాప్, అంటే కూరగాయలు కలుపుకు తినే కొరియా అన్నం, చేయించుకున్నాం. వేడి రాతి గిన్నెలో అడుగంటిన అన్నం పెద్దనాన్నకి తెగ నచ్చింది.

బస సంగతి అంత బాగా లేదు. న్యూజెర్సీలోని ఎడిసన్‌లో తమ్ముడి ఇల్లున్నా, అర్ధరాత్రి దాటాక పెన్ స్టేషన్ నుంచి అటువైపు రైళ్లు బాగా పలచబడతాయి, పెద్దాయనతో ఎందుకొచ్చిన హైరానా అని దగ్గర్లోనే ఓ హోటల్లో దిగాం. నడిచి చేరిపోయాం, ఆ ఒక్కటే దాని గొప్ప. రెండు సూట్‌కేసులు ఒకేసారి తెరవడానికి చోటు లేదు, కిటికీ తీస్తే పక్క భవనం ఇటుకలు, అద్దె మీద డెస్టినేషన్ ఫీజని మరో వడ్డింపు. మళ్లీ వెళ్తే నది అవతల జెర్సీ సిటీలో, న్యూయార్క్‌కీ న్యూజెర్సీకీ మధ్య తిరిగే పాత్ రైలు స్టేషన్‌కి దగ్గరగా దిగుతాను. 33వ వీధి నుంచి పాత్ రైళ్లు రాత్రంతా ఉంటాయి, ఆ స్టేషన్ ఎంపైర్ స్టేట్‌కి ఒక్క బ్లాకు దూరం. కాకపోతే ఆ వేళప్పుడు అవి పక్క ఊరు హొబోకెన్ చుట్టి వెళ్తాయి, ఇంకో పావుగంట ఎక్కువ వేసుకోండి.