హనుమకొండలో దంపతుల సెమినార్: వెళ్లాలనుకునేవాళ్లకు

సుబేదారి వైపున్న ఒక క్రైస్తవ సంఘం వాళ్లు శనివారం దంపతుల సెమినార్ పెట్టారు. భార్యాభర్తల అధికారం, బాధ్యతల గురించి బైబిల్ ఏం చెబుతుందన్నది విషయం. మేం కాజీపేట నుంచి వెళ్లాం. మా ఆయనది రైల్వే ఉద్యోగం, నేను ఇంట్లో బ్లౌజులు కుడతాను. జంటకు 400 రూపాయలు, భోజనంతో కలిపి. బగారా అన్నం, చికెన్ బాగున్నాయి.

పెళ్లి ప్రసంగాల్లో చాలామంది ఎఫెసీయులకు 5వ అధ్యాయం 22వ వచనం దగ్గర ఎత్తుకుంటారు, భార్యలు లోబడాలని. ఇక్కడ అయ్యగారు (పాస్టరు) 21 నుంచి చదివించారు. అక్కడ ఒకరికొకరు లోబడమని ఉంది. తర్వాత 25 నుంచి 33 వరకు భర్తల గురించే చాలాసేపు చెప్పారు. క్రీస్తు సంఘం కోసం తనను అప్పగించుకున్నట్టు భార్యను ప్రేమించాలంటే, ఇంట్లో ఆఖరి మాట ఎవరిదని అడిగే ముందు, ఆ మాట వల్ల నష్టమొస్తే ఎవరు మోస్తారో అడగాలన్నారు. భార్యను గౌరవించకపోతే ప్రార్థనలకే ఆటంకమని 1 పేతురు 3:7 చదివినప్పుడు మా ఆయన ఆ వచనం కింద గీత గీసుకున్నారు.

నాకు అన్నిటికన్నా విలువైనది అమ్మగారు (పాస్టరు భార్య) చెప్పిన సప్పీరా పాఠం. అపొస్తలుల కార్యములు 5వ అధ్యాయం. అననీయ, అతని భార్య సప్పీరా పొలం అమ్మి, కొంత డబ్బు దాచుకుని అంతా ఇచ్చేశామన్నారు. ఆ అబద్ధం బయటపడి భర్త అక్కడే పడి చనిపోయాక సుమారు మూడు గంటలకు, ఆ సంగతి తెలియకుండానే ఆమె వచ్చింది. అపొస్తలుడు పేతురు ఆమెను విడిగా అడిగాడు. నిజం చెప్పడానికి ఆమెకంటూ ఒక అవకాశం దొరికింది, ఆమె చెప్పలేదు, ఆమె కూడా చనిపోయింది. "ఆయన చెప్పిండు, నేను చేసిన" అనే మాట దేవుని ముందు చెల్లదని అమ్మగారు గట్టిగా చెప్పారు. అబీగయీలు భర్త నాబాలుకు చెప్పకుండానే 200 రొట్టెలు గాడిదల మీద వేయించుకుని, కోపంతో దాడికి వస్తున్న దావీదుకు ఎదురెళ్లి ఇంటిని కాపాడింది కదా, ఆ సంగతి కూడా పక్కన పెట్టి చూపించారు.

ఈ పాఠం మన ఆడవాళ్లందరూ వినాలి. మహిళా సంఘంలో లోన్ భార్య పేరు మీద వస్తుంది, డబ్బు భర్త వాడతాడు, కిస్తీ కట్టకపోతే మీటింగ్‌లో మాట పడేది ఆమె. బాధ్యత ఆమెది, నిర్ణయం ఆయనది. ఇది లోబడటం అని నేను ఒప్పుకోను.

మధ్యాహ్నం ఒక కాగితం ఇచ్చారు. అప్పు, బంగారం కుదువ పెట్టడం, పిల్లల చదువు, భార్య పుట్టింటికి పంపే డబ్బు, వీటిలో ఏది ఎవరు నిర్ణయిస్తున్నారో ఇద్దరూ వేర్వేరుగా రాసి మార్చుకోవాలి. బంగారం దగ్గర మా ఆయన "ఇద్దరం" అని రాశారు, నేను "ఆయన" అని రాశాను. బస్సులో దాని గురించే మాట్లాడుకుంటూ వచ్చాం. ఇక ముందు నన్ను అడగకుండా బంగారం బ్యాంకుకు తీసుకెళ్లనని అన్నారు.

లోపాలు కూడా చెప్పాలి. పిల్లలకు వేరే గది లేదు. చంటిపిల్లలు ఏడిస్తే తల్లులే లేచి బయటికి వెళ్లారు, భర్తల బాధ్యత గురించి చెప్పేటప్పుడు కూడా. ఆ నిమిషంలో తండ్రులను లేవమని అయ్యగారు అడిగి ఉండాల్సింది. 1 కొరింథీయులకు 7:4లో భార్య దేహం మీద భర్తకు, భర్త దేహం మీద భార్యకు సమానంగా అధికారం ఉందని ఉంది. దాన్ని ఒక్కసారి చదివి దాటేశారు. సిగ్గయితే ఆడవాళ్లను, మగవాళ్లను వేరుగా కూర్చోబెట్టి చెప్పవచ్చు.

తాగి కొట్టే భర్త గురించి ఎవరో చీటీ రాసి అడిగారు. లోబడటమంటే దెబ్బలు తినడం కాదని, ముందు పిల్లలతో భద్రమైన చోటికి వెళ్లాలని, మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయవచ్చని అమ్మగారు చెప్పారు. సరైన జవాబే. కానీ ముగింపు ప్రార్థనకు ముందు, అందరూ సంచులు సర్దుకునే వేళ చెప్పారు. దీనికి ఉదయమే గంట కేటాయించాలి. అవసరమున్న మనిషి సాయంత్రం దాకా ఉంటుందని నమ్మకం లేదు.

కొత్తగా పెళ్లైనవాళ్లు తప్పకుండా వెళ్లండి. ఒక్కరే వెళ్తే ఆ కాగితం పని జరగదు, ఇద్దరూ వెళ్లండి. చంటిపిల్లలుంటే ఎత్తుకోవడానికి ఇంట్లో పెద్దవాళ్లను ఎవరినైనా వెంట తీసుకెళ్లండి.