ఫోన్‌లో పూల్ ఆడేవాళ్లూ, ఆ "పొడుగు గీత ఫ్రీ" బటన్ జోలికి పోకండి

పూల్ అంటే టేబుల్ మీద బంతుల్ని కర్రతో పాకెట్లలోకి కొట్టే ఆట. నేను ఆడినదాని పేరు చెప్పను, ఇలాంటివి ప్లే స్టోర్‌లో బోలెడున్నాయి. లెవెల్‌కి ఇన్ని షాట్లని ఇస్తారు, ఆలోపు బంతులన్నీ పాకెట్లలో పడాలి.

మొదటి ముప్పై లెవెల్స్ దాకా బంతి ఎటు పోతుందో పాకెట్ వరకూ గీత కనిపిస్తుంది. చిన్నప్పుడు క్యారమ్స్‌లో కట్ కొట్టిన చెయ్యి కదా, అంతా నా ప్రతాపమే అని మురిసిపోయాను. తర్వాత ఆ గీత కత్తిరించేశారు. ఇక అంచుకి సన్నగా తగిలించాల్సిన షాట్‌లో వెంట్రుకవాసి తేడా వచ్చిందా, టేబుల్ అవతలికి వెళ్లేసరికి పాకెట్ ఒకచోట, బంతి ఇంకోచోట. ప్రతిసారీ ఒక్క బంతి మిగిలిపోతుంది. సరిగ్గా అప్పుడే "పొడుగు గీత, 3 రోజులు ఫ్రీ" అని పచ్చటి బటన్ వస్తుంది.

నొక్కాను. యూపీఐ పిన్ అడిగింది, కొట్టాను. ఫ్రీగా ఇచ్చేదానికి పిన్ ఎందుకన్న ఆలోచనే రాలేదు చూడండి! బటన్ కింద చీమ తలకాయంత అక్షరాల్లో "ఆపై 299" అని ఉంది. నెలకి కాదండీ, వారానికి.

రెండో రోజే విసుగొచ్చి ఆట డిలీట్ చేశాను. బోల్తా పడింది ఇక్కడే. యాప్ తీసేస్తే సబ్‌స్క్రిప్షన్ ఆగదు, అది ప్లే స్టోర్ అకౌంట్‌లో అలాగే ఉంటుంది. డబ్బు కట్ అవుతుందని ముందే మెసేజ్‌లు వచ్చాయట, లోన్ ఆఫర్ల మధ్య ఎవరు చూశారు? "వారం వారం ఈ 299 ఎవరికండీ?" అని మా ఆవిడ అడిగేసరికి ఆరు వారాలు, 1794 రూపాయలు పోయాయి. ఆ డబ్బుతో నిజం టేబుల్ మీద ఎన్ని గంటలు ఆడుకోవచ్చో ఆవిడ దగ్గర అనలేదు లెండి.

48 గంటల్లోపు కట్ అయినదానికి ప్లే స్టోర్‌లోనే రిఫండ్ అడగొచ్చు. అలా ఆఖరి 299 వెనక్కొచ్చాయి. మిగతావాటికి ఆట తయారుచేసినవాళ్లకి మెయిల్ పెడితే "మా ఆటని ఆదరిస్తున్నందుకు థ్యాంక్స్" అని జవాబు!

మీరూ ఇలా నొక్కి ఉంటే ప్లే స్టోర్‌లో మీ ఫొటో మీద నొక్కి సబ్‌స్క్రిప్షన్స్‌లో క్యాన్సిల్ చేయండి, యూపీఐ యాప్‌లో ఆటోపే, అంటే డబ్బు దానంతటదే కట్ అయ్యే ఏర్పాటు, కూడా ఒకసారి చూసుకోండి. ఫిర్యాదు చేయాలంటే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915.

ఇదంతా విని మా తమ్ముడు "గీత పొడిగించే ఏపీకే ఉందన్నయ్యా, పంపనా?" అన్నాడు. ఏపీకే అంటే ప్లే స్టోర్ బయట దొరికే యాప్ ఫైల్, అది అసలే వద్దు. అలాంటివి స్క్రీన్ మీద ఉన్నదంతా చూసే పర్మిషన్ అడుగుతాయి, మన బ్యాంకు యాప్ ఉండేదీ ఆ ఫోన్‌లోనే.