ఫోటోరెక్: పేర్లు పోయినా వీడియోలు దక్కుతాయి

బ్యాకప్ హార్డ్‌డిస్క్‌లో పెళ్లి వీడియోలు డిలీటైతే, డబ్బులడిగే సాఫ్ట్‌వేర్ల జోలికి పోయేముందు డిలీటైన ఫైళ్లను వెతికి తీసే ఫోటోరెక్ వాడి చూడండి. పూర్తిగా ఉచితం, పోయిన డిస్క్ పార్టిషన్లను తిరిగి తెచ్చే టెస్ట్‌డిస్క్‌తో కలిసే వస్తుంది. అక్షరాలు మాత్రమే కనిపించే దాని నల్లతెర చూసి జంకేవాళ్లకు, మౌస్‌తో నొక్కి వాడుకునే క్యూఫోటోరెక్ ఉంది. ఆ డిస్క్‌లోకి ఇంకేమీ కాపీ చేయకండి. దొరికినవి వేరే డిస్క్‌లోనే సేవ్ చేయాలి. ఫైల్ రకాల్లో అన్నీ తీసేసి 'ఎంఓవీ' ఒక్కటే ఉంచండి, ఎంపీ4 కూడా అందులోనే వస్తుంది. లేదంటే చిల్లర ఫైళ్లు కుప్పలుగా వచ్చిపడతాయి.

అసలు చిక్కు, పాత పేర్లూ ఫోల్డర్లూ తిరిగి రావు. ఒక్కొక్కటీ తెరిచి చూసుకోవాల్సిందే, ఓపిక కావాలి. డిస్క్‌లో ముక్కలుగా చెదిరిన పెద్ద వీడియోలు మధ్యలో ఆగిపోతాయి, లేదా తెరుచుకోవు. ట్రిమ్ (డిలీటైన డేటాను డ్రైవే తుడిచేసే ఏర్పాటు) నడిచిన ఎస్ఎస్‌డీ మీద ఆశ వద్దు. డిస్క్ టకటకమంటుంటే మాత్రం వెంటనే పవర్ తీసేయండి. అది సాఫ్ట్‌వేర్‌తో అయ్యే పని కాదు.