మొదటి ట్రౌట్ ట్రిప్: గట్టు మీద నుంచా, ఫ్లోట్ ట్యూబ్‌లోనా?

చల్లటి నీళ్లలో ఉండే ట్రౌట్ చేపల్ని ఫ్లై (పురుగులా కనిపించేలా కట్టిన ఎర) వేసి పట్టడానికి మొదటిసారి వెళ్తుంటే, గట్టు మీద నిలబడాలా, లేక ఫ్లోట్ ట్యూబ్‌లో (గాలి నింపి, అందులో కూర్చుని కాళ్లతో తన్నుకుంటూ నీటి మీద తేలే చిన్న ట్యూబ్) వెళ్లాలా అన్నది ప్రశ్న.

ఖర్చు: గట్టు మీదైతే 9 అడుగుల 5 వెయిట్ రాడ్ (వెయిట్ అంటే ఆ రాడ్‌కి సరిపోయే లైన్ బరువు నంబరు), రీల్, నీటి మీద తేలే లైన్, దాని చివర ఫ్లై కట్టే సన్నటి దారం, నాలుగైదు ఫ్లైలు, లైసెన్స్ ఉంటే చాలు. ట్యూబ్‌కి వీటితో పాటు వేడర్స్ (నీళ్లు చొరని పొడవాటి ప్యాంటు), ఫిన్స్ (కాళ్లకు తొడిగే తెడ్ల లాంటివి), పంపు, లైఫ్ జాకెట్ కూడా కొనాలి.

శ్రమ: గట్టు మీద అసలు బాధ వెనక చెట్లే. లైన్ వెనక్కి విసిరిన ప్రతిసారీ ఫ్లై ఏదో కొమ్మకు తగులుకుంటుంది, అందుకే లైన్ వెనక్కి పోకుండా ముందుకే దొర్లించే రోల్ కాస్ట్‌ని ముందే ఎక్కడైనా నీళ్ల మీద రెండు మూడు సాయంత్రాలు సాధన చేసి వెళ్లండి. ట్యూబ్‌లో చెట్ల గొడవ లేదు కానీ నీళ్లకు మరీ దగ్గరగా కూర్చుంటాం కాబట్టి వెనక లైన్ కాస్త కిందికి దిగినా నీళ్లను కొడుతుంది.

రిస్క్: ఇక్కడ మాత్రం నేను గట్టిగా చెప్తాను. ట్రౌట్ ఉండేవి చల్లటి నీళ్లు, ఎదురుగాలి లేస్తే కాళ్లతో తన్నుకుంటూ ఒడ్డుకు చేరడం చాలా కష్టం. ఒంటరిగా ట్యూబ్ వద్దే వద్దు.

చేపలు: తెల్లవారుజామున, సాయంత్రం ట్రౌట్ మేతకు ఒడ్డు దాకా వస్తాయి. వూలీ బగ్గర్ అనే ఫ్లై కట్టి, గట్టుకు సమాంతరంగా వేసి, లైన్‌ని జానెడు జానెడు లాగుతూ ఆపుతూ ఉండండి, ఆ ఆపినప్పుడే తరచుగా పట్టుకుంటాయి. ఎండెక్కాక లోతుకు పోతాయి, అప్పుడు ట్యూబ్‌దే పైచేయి. నీళ్లు 20 డిగ్రీల సెల్సియస్ దాటితే రెండూ మానేయండి, వదిలిన చేప కూడా బతకడం కష్టం.

ఒక్కరే వెళ్తున్నా, ఉదయం మూడు గంటలే ఉన్నా గట్టే. అనుభవమున్న తోడు ఉండి, గట్టంతా రెల్లుతో మూసుకుపోయి ఉంటే ట్యూబ్ అద్దెకు తీసుకోండి.