బాల్ పైథాన్ ‘ఫుల్ సెట్’ కొంటున్నారా? జాగ్రత్త, ఆ నాబ్ థర్మోస్టాట్ కాదు

బాల్ పైథాన్ అనే ఆఫ్రికా పాము పిల్ల, దానికో గాజు తొట్టి, కింద హీట్ మ్యాట్, పైన ఎర్ర బల్బు, ఒక ప్లాస్టిక్ గుహ, నీళ్ల గిన్నె, లోపల అంటించే గుండ్రటి మీటరు. అన్నీ కలిపి ఒకే రేటు. ‘ఇంటికెళ్లి ప్లగ్గు పెట్టుకోవడమే సార్’ అంటారు. ఈ ఫుల్ సెట్లు కొన్నవాళ్ల ఫిర్యాదులన్నీ దాదాపు ఒకే వరసలో ఉంటాయి: రెండు నెలలు తిరక్కుండానే పొట్ట కింద పొలుసులు గోధుమరంగుకు తిరగడం, కుబుసం ముక్కలుముక్కలుగా ఊడటం, ముక్కు దగ్గర బుడగలు, తిండి మానెయ్యడం. షాపుకి ఫోన్ చేస్తే ‘మీరు సరిగ్గా చూసుకోలేదు’ అంటారు. చూసుకోవడానికి సెట్లో ఏమీ పెట్టలేదన్న మాట మాత్రం చెప్పరు.

వస్తువుల సంగతికి ముందు కాగితం సంగతి. మన నేల మీది పాముల్ని, అంటే జెర్రిపోతు, నాగుపాము, కొండచిలువ, ‘రెండు తలల పాము’ వంటివాటిని ఇంట్లో పెట్టుకోవడం వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం నేరం. రామచిలుక, నక్షత్ర తాబేలు కూడా అంతే. ఎవరైనా ‘ఫార్మ్‌లో పుట్టింది, కేసు ఉండదు’ అంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి. బాల్ పైథాన్ పశ్చిమ, మధ్య ఆఫ్రికా పాము. ముప్పులో ఉన్న జీవుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందం సైటీస్, దాని రెండో అనుబంధంలో ఉంది. చట్టానికి 2022లో చేసిన సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. 2024 ఫిబ్రవరి చివర్లో వచ్చిన నిబంధనల ప్రకారం ఇలాంటి జంతువు చేతికొచ్చిన 30 రోజుల్లోపు కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్లో నమోదు చేయించాలి. షాపు బిల్లు దానికి బదులు కాదు. అమ్మేవాళ్ల దగ్గర ఆ పాముకి రిజిస్ట్రేషన్ ఉందా అని అడగండి, వాట్సాప్‌లో ఫోటో చాలదు, అసలు చూడండి. ‘కొరియర్లో పంపేస్తాం, కాగితాలు తర్వాత’ అన్నారంటే ఆ కాగితాలు ఇక రావు.

ఇప్పుడు ఆ నాబ్. మ్యాట్ వైరు మధ్యలో ఫ్యాన్ రెగ్యులేటర్ లాంటి చిన్న చక్రం ఉంటుంది. దాన్ని ‘టెంపరేచర్ కంట్రోల్’ అని చెప్పి అమ్ముతారు. సెన్సర్ వైరే లేనప్పుడు వేడి ఎంతుందో దానికెలా తెలుస్తుంది? అది చేసేదల్లా మ్యాట్‌కి వెళ్లే కరెంటును తగ్గించడం, పెంచడం. అందుకే మ్యాట్ వేడి ఎప్పుడూ గది వేడికి ఇంత పైన అన్న లెక్కలోనే నడుస్తుంది. జనవరిలో గది 20 డిగ్రీలు ఉంటే, మ్యాట్ దానికి 12 కలిపి 32 చూపిస్తుంది. అంతా బాగుందనుకుని నాబ్ ముట్టుకోకుండా వదిలేస్తే, మే నెలలో గది 36 అవుతుంది, మ్యాట్ 48కి చేరుతుంది. పాము పొట్ట ఆ 48 మీద ఉంటుంది. వేడెక్కితే పక్కకి జరగదా అని అందరూ అడుగుతారు. చాలాసార్లు జరగదు. దాక్కునే గుహ సరిగ్గా మ్యాట్ మీదే పెట్టి ఉంటే, బయటికొచ్చే భయం కంటే కింద కాలడమే దానికి మేలనిపిస్తుంది. సెట్లో ‘హీట్ రాక్’ అని రాయి కూడా ఇస్తే దాన్ని ఇంటికే తీసుకురాకండి. లోపలి కాయిల్ ఒకచోట మాడిస్తుంది, ఒకచోట చల్లగా ఉంటుంది.

కావాల్సింది సెన్సర్ వైరున్న డిజిటల్ కంట్రోలర్, అంటే వేడిని కొలిచి మ్యాట్‌ని తనే ఆపి, మళ్లీ వేసే అసలు థర్మోస్టాట్. కోడిగుడ్లు పొదిగించే ఇంక్యుబేటర్లకు వాడే ఎస్‌టీసీ-1000 రకం చాలు. కొనేటప్పుడు 220 వోల్టుల మోడలేనా అని చూడండి. 12 వోల్టులది కూడా అచ్చం అలాగే ఉంటుంది, గోడ ప్లగ్గుకి కలిపితే కాలిపోతుంది. దాని వెనక స్క్రూలు బయటికే ఉంటాయి కాబట్టి ఎలక్ట్రీషియన్ చేత ప్లాస్టిక్ డబ్బాలో బిగించుకోండి. 32 డిగ్రీలకు సెట్ చేసి, తేడా, అంటే వేడి ఎంత తగ్గాక మ్యాట్ మళ్లీ ఆన్ కావాలన్నది, అర డిగ్రీ నుంచి ఒక డిగ్రీ పెట్టండి. సెన్సర్ మొనను మ్యాట్ పైన, గాజుకి ఆనుకునేలా, కదలకుండా బిగించాలి. అది ఊడి పక్కకి పడితే కంట్రోలర్‌కి చల్లటి గాలి తగిలి ‘ఇంకా వేడెక్కలేదు’ అనుకుంటుంది, మ్యాట్‌ని ఆపదు. తొట్టి లోపల ఎక్కడా సెల్లోటేప్ వాడకండి, పొలుసులకి అంటుకుంటే చర్మంతో సహా వస్తుంది. కింద మ్యాట్ ఉన్న తొట్టి బల్లకి ఫ్లాట్‌గా ఆని ఉంటే వేడి పోయే దారుండదు. నాలుగు మూలలా రబ్బరు గుండ్లు పెట్టి ఓ సెంటీమీటరు ఖాళీ వదలండి.

ఇవన్నీ పెట్టి పాము లేకుండా ఖాళీ తొట్టిని కనీసం రెండు రోజులు నడపండి. దూరం నుంచే వేడి కొలిచే ఇన్‌ఫ్రారెడ్ గన్‌తో పొద్దున, మధ్యాహ్నం, తెల్లవారుజామున తొట్టి నేలను కొట్టి చూడండి. వేడి వైపు 32 దరిదాపుల్లో, చల్లటి వైపు 25 నుంచి 27 రావాలి, రాత్రి ఎక్కడా 22 కిందకి దిగకూడదు. ఇక ఎండాకాలం. థర్మోస్టాట్ వేడిని ఆపగలదు, చల్లబరచలేదు. కర్నూలు, రామగుండం లాంటి చోట్ల మేలో గది తలుపులు మూసి ఆఫీసుకి వెళ్తే తొట్టి మొత్తం 38 దాటుతుంది, ఆ వేడిలో పాము చచ్చిపోగలదు. అలాంటి గదికి కూలరో ఏసీయో లేకుంటే పాము వద్దు, అంతే.

ఎర్ర బల్బుని ‘రాత్రి వేసినా పాముకి కనపడదు’ అని అమ్ముతారు. కనపడుతుంది, పైగా తేమ అంతా పీల్చేస్తుంది. పైనుంచి వేడి నిజంగా కావాలంటే వెలుగు రాని సిరామిక్ ఎమిటర్, పింగాణీ హోల్డర్, చుట్టూ తీగ గార్డు, అదీ థర్మోస్టాట్ మీదే. సెట్లో ఇచ్చే ప్లాస్టిక్ హోల్డరు ఆ వేడికి కరిగి కారుతుంది.

తొట్టి కూడా చాలాసార్లు చేపల తొట్టే. రెండడుగుల పొడవు, పైన జాలీ మూత, మూతకి గొళ్లెం ఉండదు. పుస్తకం బరువు పెడితే చాలంటారు. మూడడుగుల పాము ఆ పుస్తకంతో సహా మూత లేపుతుంది. పిల్లకి కొన్నాళ్లు ఆ తొట్టి సరిపోయినా, పెద్దదానికి నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు కావాలి. ఆడది నాలుగైదు అడుగులు పెరుగుతుంది, ఇరవై ఏళ్లకు పైనే బతుకుతుంది. కాబట్టి మొదటి రోజే ఊళ్లో కార్పెంటర్ చేత పీవీసీ బోర్డుతో, ముందు జారే అద్దాలతో చేయించుకోవడం నయం, అద్దానికి తాళం మర్చిపోకండి. గుహలు రెండుండాలి, ఒకే సైజువి, వేడి వైపు ఒకటి, చల్లటి వైపు ఒకటి. లోపల చుట్ట చుట్టుకుంటే ఒళ్లు మూడు పక్కలా తగలాలి. మట్టి పూలకుండీ బోర్లించి, అంచు కొంచెం కొట్టి, గరుకు కాగితంతో రుద్దితే సెట్లో ఇచ్చే పెద్ద ప్లాస్టిక్ గుహ కంటే బాగుంటుంది.

నేల మీద పరిచేదాని దగ్గరా ఇదే మోసం. పైన్, దేవదారు చెక్క పొట్టు ఇస్తారు, వాసన బాగుంటుంది. ఆ వాసనకి కారణమైన నూనెలే పాము ఊపిరితిత్తులకి చేటు. మనకి కోనసీమ కొబ్బరి ఉండగా అది దేనికి? 120 సెం.మీ. పొడవు, 60 సెం.మీ. వెడల్పు తొట్టిలో 8 సెం.మీ. మందం పరచాలంటే సుమారు 58 లీటర్ల పొట్టు కావాలి. 5 కిలోల కోకోపీట్ ఇటుక ఒకటి నానబెడితే దాదాపు సరిపోతుంది. ఎరువు కలిపినది కాకూడదు. ఉప్పు ఉంటుంది కాబట్టి రెండు మూడు నీళ్లు మార్చి కడగండి. పిడికిట్లో గట్టిగా పిండితే చుక్క పడకూడదు, వదిలితే ముద్ద విడిపోవాలి. తేమ 60 నుంచి 70 శాతం చాలు, కుబుసం విడిచే రోజుల్లో 75 వరకు పర్వాలేదు. హైదరాబాద్ ఏప్రిల్ మధ్యాహ్నాల్లో గాలి ఎండిపోతుంది కాబట్టి జాలీ మూతని మూడొంతులు అల్యూమినియం ఫాయిల్‌తో కప్పాలి. విశాఖ, కాకినాడ వైపు అదే పని చేస్తే వారంలో బూజు పడుతుంది, అక్కడ గాలి ఆడాలి.

తేమ చూపించే ఆ గుండ్రటి ముల్లు మీటరుని నమ్మకండి. డిజిటల్ మీటరు కొన్నా ఒకసారి ఇలా పరీక్షించండి. సీసా మూతలో రెండు చెంచాల ఉప్పు వేసి, తడి ఇసుకలా అయ్యేంత వరకే నీళ్లు పోయండి, ఉప్పు కరిగిపోకూడదు. ఆ మూతనీ మీటరునీ ఒక గాలి చొరబడని డబ్బాలో పెట్టి పది పన్నెండు గంటలు కదపకుండా ఉంచండి. మీటరు 75 చూపించాలి. 68 చూపిస్తే మీ మీటరు ఏడు తక్కువ చెబుతోందని గుర్తు పెట్టుకుని ఆ లెక్కనే వాడండి. సెట్లో వచ్చిన ముల్లుది కూడా సరదాకి అదే డబ్బాలో పెట్టి చూడండి.

తిండి విషయంలో అమ్మేవాళ్ల సలహాలు ఇంకా ఘోరం. ‘చికెన్ ముక్కలు పెట్టండి’, ‘గుడ్డు పెట్టండి’, చివరికి ‘పాలు పొయ్యండి’. నాగుల చవితికి పుట్టలో పాలు పోసే ఆచారం మనకుంది గానీ, పాముకి పాలు అరగవు. బాల్ పైథాన్‌కి ఎలుక మొత్తంగా కావాలి, ఎముకతో, కాలేయంతో. బోన్‌లెస్‌లో కాల్షియం ఎక్కడిది? పిల్లకి దాని బరువులో 10 నుంచి 15 శాతం, వారానికొకసారి. 70 గ్రాముల పిల్లకి 7 నుంచి 10 గ్రాముల చిట్టెలుక. కిలో దాటిన పెద్దదానికి 5 శాతం, రెండు మూడు వారాలకొకసారి. ఒకటిన్నర కిలో పాముకి 75 గ్రాములది చాలు. కొలవడానికి వంటింటి డిజిటల్ త్రాసు కొనండి, కానీ దాన్ని మళ్లీ వంటింట్లోకి తేవద్దు.

బతికున్న ఎలుకని వేసి తలుపు మూసేస్తే, పాముకి ఆకలి లేని రోజున ఎలుకే దాని వీపు కొరికి తింటుంది. ఫ్రీజ్ చేసినదాన్ని రాత్రి ఫ్రిజ్ కింది అరలో జిప్ కవర్లో కరగనివ్వండి, తర్వాత వేడినీళ్లలో కవర్‌తో పాటే పది పదిహేను నిమిషాలు ఉంచండి. తల దగ్గర 38 డిగ్రీలు వచ్చాక తుడిచి, అడుగు పొడవు పట్టకారుతో తోక పట్టి అందించండి. మైక్రోవేవ్ వద్దు, కడుపు పగులుతుంది. ఇంట్లో బోనులో పడ్డ ఎలుకని మాత్రం పెట్టకండి, అది ఎక్కడో బ్రోమాడియోలోన్ అనే ఎలుకల మందు తిని వచ్చి ఉంటే పాము కూడా పోతుంది. తిన్నాక 48 గంటలు పట్టుకోకూడదు, కక్కేస్తుంది. కక్కితే పది రోజులు ఆగి సగం సైజుది ఇవ్వండి. చలికాలంలో వారాల తరబడి తినకపోవడం ఈ జాతికి మామూలే. బరువు పదో వంతు తగ్గితేనే డాక్టరు దగ్గరికి. ఇంకో మాట: ఈ ఎలుకలుండేది మీ ఇంటి ఫ్రీజర్‌లో. పాము కొన్నాక కాదు, కొనక ముందే ఇంట్లో ఆడవాళ్లతో, పెద్దవాళ్లతో మాట్లాడండి. ఎన్నో పాములు అనాథలయ్యేది అక్కడే.

పాముని ఎంచుకునేటప్పుడు తడి టిష్యూ పేపరుతో మెడ నుంచి తోక దాకా ఒక్కసారి తుడవండి. తెల్ల కాగితం మీద మిరియపు పొడిలా నల్లచుక్కలు కదిలితే అవి మైట్స్, రక్తం పీల్చే సన్న పురుగులు. నీళ్ల గిన్నె అడుగున కూడా మునిగి ఉంటాయి. ‘కుక్కల స్ప్రే కొడితే పోతాయి’ అన్న షాపులో కొనకండి. ‘స్పైడర్’ రంగుది చూపిస్తే కాసేపు చేతిలో పట్టుకుని తల చూడండి. తల మెలితిరిగి వెల్లకిలా పోతుంటే అది ఆటలాడటం కాదు, ఆ రంగుతో పాటు పుట్టుకతో వచ్చే నరాల లోపం, నయం కాదు. మీ కళ్ల ముందు ఒకసారి తినిపించమని అడగండి. ‘నిన్ననే తిన్నది’ అనే జవాబు ప్రతి షాపులోనూ సిద్ధంగా ఉంటుంది.

మిగతా ‘సెట్లు’ కూడా ఇదే తంతు. హ్యామ్‌స్టర్ బోనులో వచ్చే అరచేతంత తీగ చక్రం వెన్నెముక వంచేస్తుంది. సిరియన్ రకానికి వెన్ను వంగనంత పెద్దది, సందులు లేని చక్రం కావాలి, పరుపని ఇచ్చే దూది కాళ్లకి చుట్టుకుంటుంది. బుల్లి చిలకలైన బడ్జీలకి గుండ్రటి పంజరం కొనకండి, అవి ఎగిరేది అడ్డంగా. నాన్‌స్టిక్ పెనం మాడే ఇంట్లో వంటింటి దగ్గర పెడితే ఆ పొగకే పోతాయి. ఎర్ర చెవుల తాబేలుకిచ్చే నీలం ‘యూవీ’ ఎల్‌ఈడీలో తాబేలుకి కావాల్సిన యూవీబీ కిరణాలు ఉండవు.

ఇప్పటికే సెట్ కొని ఉంటే, ఈ రాత్రికి మ్యాట్ ప్లగ్గు తీసెయ్యండి. మన వాతావరణంలో 25 డిగ్రీల గదిలో రెండు రోజులు పాముకి ఏమీ కాదు, ఆలోగా కంట్రోలర్ తెచ్చుకోవచ్చు. డిసెంబరు చలి అయితే వేడినీళ్ల సీసాని తువ్వాలులో చుట్టి తొట్టి బయట గాజుకి ఆనించండి. పాముని మెల్లగా ఎత్తి పొట్ట చూడండి. పొలుసులు గోధుమరంగులోనో, ఎర్రగానో, తడిగానో ఉంటే కోకోపీట్ తీసేసి తెల్ల టిష్యూ పరచండి, పుండుకి పొట్టు అంటుకోకూడదు. పసుపు, టూత్‌పేస్ట్, నెయ్యి రాయకండి. అడవి, పెంపుడు జంతువులు రెండూ చూసే పశువైద్యుణ్ని మర్నాడే పట్టుకోండి. ప్లగ్గు తీసే ముందు మాత్రం ఆ నాబ్‌కి, గన్ చూపించిన అంకెకి, బిల్లుకి ఒకే ఫ్రేములో ఫోటో తీయండి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు పెట్టేటప్పుడు అడిగేది అవే.