షియాన్ టూర్ బుక్ చేసేవాళ్ళు ముందు ఇది చదవండి, మా నాన్నకి జరిగింది ఇంకొకరికి జరక్కూడదు

నిన్న రాత్రే షాంఘై తిరిగొచ్చాం, ఇంకా బ్యాగులు కూడా విప్పలేదు, కోపం తగ్గకముందే రాసేస్తున్నా, తగ్గితే మళ్ళీ పోన్లే అనుకుని వదిలేస్తానేమోనని భయం. ఇక్కడ మనవాళ్ళకి షియాన్ టూర్లు అమ్మే ఆయన ఎవరో నేను చెప్పక్కర్లేదు, పేరు రాయను, వెజ్ భోజనం గ్యారంటీ, షాపింగ్ ఉండదు అని పెద్దక్షరాలతో పెడతాడు చూడండి, ఆయనే. మనిషికి 680 యువాన్లు, ముగ్గురికి 2040, మన డబ్బుల్లో పాతికవేల దాకా. పోయింది డబ్బొక్కటే అయితే ఇంత రాసేదాన్ని కాదు.

మా నాన్నకి 71 ఏళ్ళు. అమరావతి పక్కూళ్ళో జెడ్పీ హైస్కూల్లో సోషల్ మాస్టారుగా చేసి రిటైరయ్యారు. ఏటా పిల్లల్ని స్తూపం దగ్గరికి తీసుకెళ్ళి, హుయాన్ త్సాంగ్ ఇక్కడికి వచ్చాడర్రా, మన ధాన్యకటకంలో ఉండి చదువుకున్నాడర్రా అని చెప్పేవారు. ఆయన మన దేశం నుంచి పట్టుకెళ్ళిన గ్రంథాలు దాచడానికి 652లో కట్టించిన పగోడా షియాన్‌లోనే ఉంది. చైనా రండి నాన్నా అనగానే ఆయన అడిగింది అదొక్కటీ, దాంతోపాటు మట్టి సైనికులు. పగోడా మేమే శుక్రవారం సాయంత్రం మెట్రోలో వెళ్ళి చూసొచ్చాం. నాన్న దాని కింద నిలబడి చాలాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత చెప్పులు విడిచి దణ్ణం పెట్టుకున్నారు. తెల్లారి శనివారం ఈ టూరు.

పొద్దున ఏడున్నరకి వ్యాన్ వచ్చింది, ఇంగ్లీష్ మాట్లాడే గైడు ఒకామె, ఇంకో నాలుగు కుటుంబాలు. దారంతా నాన్న మా ఆయనకి చెప్తూనే ఉన్నారు, 1974లో కరువొచ్చి రైతులు బావి తవ్వుతుంటే బయటపడ్డాయట, ఏ ముఖానికీ ఇంకో ముఖం పోలిక ఉండదట, మొత్తం ఎనిమిది వేల దాకా ఉంటాయని అంచనా అట, అన్నీ చిన్ షి హువాంగ్ చక్రవర్తి సమాధికి కాపలాగా పెట్టినవట అని. వ్యాన్ మాత్రం మ్యూజియంకి పోకుండా ఒక వర్క్‌షాప్ ముందు ఆగింది. బొమ్మలు ఎలా చేస్తారో పది నిమిషాలు చూపించి, మిగతా గంటా యాభై నిమిషాలు అమ్మకమే, బొమ్మలు, ఫర్నిచర్, పచ్చరాయి గాజులు, వ్యాన్ డ్రైవర్ కనపడడు, బయట 38 డిగ్రీల ఎండ. నాన్న మొహమాటంతో అరచెయ్యంత సైనికుడి బొమ్మ 280 యువాన్లు పెట్టి కొన్నారు. అలాంటిదే మ్యూజియం బయట ఇరవైకి అమ్ముతున్నారు, అది తర్వాత చూశాం.

అక్కణ్ణుంచి భోజనం, దాని గురించి వదిలేయండి. ఆ తర్వాత ఇదిగో చక్రవర్తి సమాధి అని ఒక బిల్డింగులోకి దింపింది. లోపల ఎర్ర లైట్లు, ప్లాస్టర్ బొమ్మలు, మధ్యలో ఒక శవపేటిక, చుట్టూ మెరిసే నీళ్ళు, అది పాదరసం నది అంట. ఇదే అసలు సమాధి, ఇక్కడే తవ్వి తీశారు అని ఆమె చెప్తోంది. నాన్న చెయ్యెత్తారు. క్లాసులో పిల్లాడు ఎత్తినట్టు మర్యాదగా ఎత్తి, తనకొచ్చిన ఇంగ్లీషులోనే అడిగారు, అమ్మా, చక్రవర్తి సమాధిని ఇంతవరకూ తెరవనే లేదు కదా, అది ఇంకా మట్టిదిబ్బ కిందే ఉంది కదా, మరి ఇదేంటి అని. అందులో తప్పేముంది చెప్పండి? నిజంగానే దాన్ని ఎవరూ తెరవలేదు, మట్టి సైనికులు దొరికిన గుంటలు వేరు, ఆ సమాధి వేరు.

ఆమె అందరి ముందూ గట్టిగా అంది, "ఈ ముసలాయనకి అన్నీ తెలిసినప్పుడు గైడ్ ఎందుకు, దిగి నడుచుకుంటూ పొమ్మనండి" అని. ఒకరిద్దరు నవ్వారు. నాన్న చెయ్యి దించేసి "సారీ అమ్మా" అన్నారు. ముప్పై రెండేళ్ళు పాఠం చెప్పిన మనిషి, నిజం అడిగినందుకు సారీ చెప్పారు. నేను ఆ క్షణంలో గొడవపడాల్సింది, పడలేదు. ఇప్పుడు గొడవైతే మ్యూజియం కూడా చూపించదేమోనని నోరు మూసుకున్నా. అదే నన్ను రెండ్రోజులుగా నిద్రపోనివ్వట్లేదు.

మ్యూజియం గేటు దగ్గరికి చేరేసరికి మూడున్నర దాటింది. అక్కడ టికెట్ మనిషి పేరు మీద, పాస్‌పోర్ట్ నంబర్ మీదే ఉంటుంది, గేటు దగ్గర పాస్‌పోర్ట్ చూసే పంపుతారు. మావి బుక్కే చెయ్యలేదు. ఎండాకాలం సెలవులు, ఆ రోజు టికెట్లు అయిపోయాయి. గైడు సిస్టం ప్రాబ్లం అని చెప్పి ఫోన్ చెవిన పెట్టుకుని పక్కకెళ్ళిపోయింది. డబ్బు కట్టినప్పుడు ఆయన మా పాస్‌పోర్ట్ నంబర్లు అడగలేదు, అది నాకు అప్పుడే తట్టింది, ఇక్కడ ట్రైన్ టికెట్‌కి కూడా పాస్‌పోర్ట్ ఇస్తాం కదా, మరి ఈయన అడగలేదేంటి అని. మనవాడే కదా అని అడక్కుండా ఊరుకున్నా. ఆ తప్పు నాదే.

రాత్రి వీచాట్‌లో ఆయన్ని నిలదీస్తే ఏమన్నాడో తెలుసా, "అక్కా, షాపింగ్ ఉండదన్నా గానీ వర్క్‌షాప్ ఉండదని అన్లేదు కదా, బండి ఇచ్చాం, భోజనం పెట్టాం, గైడుని ఇచ్చాం, రిఫండ్ రాదు" అని. టికెట్ల మాట ఎత్తగానే బ్లాక్ చేశాడు. ఆదివారం పొద్దున ట్రైన్, నాన్న ఫ్లైట్ ఎల్లుండి, మళ్ళీ వెళ్ళే టైం లేదు. ట్రైన్‌లో "పగోడా చూశాను కదమ్మా, చాలు" అన్నారు, చాల్లేదని నాకు తెలుసు.

వెళ్ళాలనుకునేవాళ్ళకి, అసలు టూరే అక్కర్లేదు. మెట్రో ఒకటో లైన్లో ఫాంగ్‌జిచెంగ్ దాకా వెళ్ళి అక్కడ తొమ్మిదో లైన్ ఎక్కి హువాచింగ్ చి స్టేషన్లో దిగితే 602 బస్సు మ్యూజియం దగ్గర దింపుతుంది. టికెట్ 120 యువాన్లు, మీ పాస్‌పోర్ట్ నంబర్‌తో మీరే ముందు బుక్ చేసుకోండి, అది చేతికొచ్చాకే షియాన్‌కి ట్రైన్ టికెట్లు కొనండి. ఆయనకి ఇప్పటికే డబ్బు కట్టేసినవాళ్ళుంటే ఈ రోజే మీ పేరు, పాస్‌పోర్ట్ నంబర్ ఉన్న మ్యూజియం బుకింగ్ స్క్రీన్‌షాట్ అడగండి. పంపకపోతే పేమెంట్ ప్రూఫ్‌లు, చాట్‌లు అన్నీ సేవ్ చేసుకుని నాకు చెప్పండి, నా దగ్గరున్నవి కూడా కలిపి అందరం కలిసి కంప్లైంట్ పెడదాం.