తెపెయాక్ కొండ: మరియమాత, అంతకుముందు తొనాన్‌త్సిన్

మెక్సికో సిటీలో గ్వాదలూపె మాత దర్శనానికి వెళ్లేవాళ్లు ఊరి బయటి పురాతన పిరమిడ్లతో కలిపి అమ్మే ఒకరోజు ప్యాకేజీ తీసుకోకండి. మా గైడు బాసిలికా (మాత పెద్ద చర్చి) దగ్గర అరగంట టైమిచ్చి, కొండ వైపు చెయ్యి చూపించి వదిలేశాడు. మర్నాడు మేమే మళ్లీ వెళ్లాం.

అసలు కథంతా ఆ కొండదే. 1531 డిసెంబరులో హువాన్ దియేగో అనే ఆదివాసీకి మరియమాత అక్కడే కనిపించిందని భక్తుల నమ్మకం. అక్కడి ఆదివాసీల అస్తెక్ సామ్రాజ్య రాజధాని స్పెయిన్ చేతిలో పడి అప్పటికి పదేళ్లు. అంతకుముందు అదే కొండ మీద తొనాన్‌త్సిన్ అనే అమ్మవారి గుడి ఉండేదని, ఎక్కడెక్కడి నుంచో జనం కానుకలతో వచ్చేవారని సాఆగూన్ అనే ఫ్రాన్సిస్కన్ సన్యాసి ఆ శతాబ్దంలోనే రాశాడు. మరియమాతనూ అదే పేరుతో పిలుస్తున్నారని ఆయనకి చాలా కోపం. నాకైతే అందులో తప్పేమీ కనిపించలేదు. అన్నీ పోగొట్టుకున్న జనం తల్లిని మాత్రం వదులుకోలేదు. పాత గుడి శిథిలాలు చూద్దామని మాత్రం వెళ్లకండి, కనబడవు.

1976లో కట్టిన కొత్త బాసిలికాలో మాత చిత్రం కింద కదిలే బెల్టు మీద నిలబడి చూడాలి. రద్దీ లేకపోతే ఎన్నిసార్లయినా వెళ్లొచ్చు. పక్కనే 1709 నాటి పాత చర్చి. కింద ఒకప్పటి చెరువు నేల కావడంతో ఒరిగిపోయింది, లోపల నడుస్తుంటే ఏటవాలు కాళ్లకి తెలుస్తుంది. బయట ఆవరణలో ఈకల కిరీటాలతో నాట్యం చేసేవాళ్లున్నారు. కాళ్లకి ఎండు గింజల గజ్జెలు, మధ్యలో మట్టి ధూపపాత్రలో కోపల్ సాంబ్రాణి. క్రైస్తవం రాకముందు నుంచీ అక్కడ దేవుళ్లకి వేసిన ధూపం అదే. గుణదల మెట్లెక్కినవాళ్లకి కొండ మీది చాపెల్ కష్టమేం కాదు, తప్పక ఎక్కండి.

బసకి బాసిలికా గుడి పరిసరాలకంటే రిఫార్మా రోడ్డు వైపే నయం. మాకు గుడి దగ్గర దొరికిన గది చవకే గానీ, చీకటి పడ్డాక చుట్టూ తినడానికి ఏమీ దొరకలేదు. రిఫార్మా మీద తిరిగే ఎర్ర డబుల్ డెక్కర్ మెట్రోబస్ గుడి వైపూ వెళ్తుంది, ఆంత్రోపాలజీ మ్యూజియం దగ్గరా ఆగుతుంది. నగదు తీసుకోరు, కార్డు ఉండాలి. ఆ మ్యూజియంలో 1790లో నగరం నడిబొడ్డున తవ్వితే బయటపడిన కోఆత్లిక్వె అనే అస్తెక్ తల్లి దేవత విగ్రహం ఉంది. పాముల లంగా కట్టిన ఆ తల్లిని చూశాకే నాకు తెపెయాక్ పూర్తిగా చూసినట్టనిపించింది. సోమవారం మ్యూజియానికి సెలవు, ఆ రోజు గుడికి పెట్టుకోండి.